కరాగిన్స్కీ ద్వీపపు కొర్యాకులు: పాత యాత్రికుల రాతల్లో ఏది చూసింది, ఏది విన్నది?

పాతపటాలు (ప్రశ్న):

రష్యా తూర్పు కొసలోని కమ్చాత్కా ద్వీపకల్పపు తూర్పు తీరానికి ఎదురుగా, బేరింగ్ సముద్రంలో ఉన్న కరాగిన్స్కీ ద్వీపం మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. భూగోళం సంగతి తేలిపోయింది. పొడవు సుమారు 100 కి.మీ., వెడల్పు ఎక్కువలో ఎక్కువ 27 కి.మీ., 900 మీటర్లు దాటిన శిఖరం, నేలబారున పాకే పైన్ పొదలు, టండ్రా. ప్రధాన భూమికీ దీనికీ మధ్య లిట్కే జలసంధి. ఇరుకైన చోట 21 కి.మీ., విశాలమైన చోట 70 దాటుతుంది.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. 1755లో అచ్చయిన క్రషెనిన్నికోవ్ కమ్చాత్కా వర్ణనలో ఈ ద్వీపం గురించి ఒక చిన్న పేరా ఉంది. దాని సారం: అక్కడ ఉండేది ఆ ప్రాంతపు మూలజాతి అయిన కొర్యాకులే. కానీ మిగతా కొర్యాకులు వాళ్ళని తమవాళ్ళుగా ఒప్పుకోరు. 'హంషారెన్', అంటే కుక్క సంతానం, అని పిలుస్తారు. కూత్ అనే దేవుడు ఆ ద్వీపంలో మనుషుల్ని పుట్టించలేదు, కుక్కల్నే పుట్టించాడు, అవే తర్వాత మనుషులయ్యాయి అని వాళ్ళ నమ్మకం. ద్వీపంలో వందమందో, ఇంకాస్త ఎక్కువో ఉంటారు. పన్ను కట్టేది ముప్ఫైమంది. మిగతావాళ్ళు వసూలు వేళకి కొండల్లో దాక్కుంటారు. కమ్చాత్కా నుంచి వేసవిలో తోలు పడవల మీద వెళ్తారు, చలికాలంలో ఎవరూ వెళ్ళరు.

నా సందేహాలు. ఈ కుక్కల కథని ఎలా రాయాలి? వంద, ముప్ఫై అన్న అంకెల్ని జనాభాగా ఇచ్చేయొచ్చా? ఆ తర్వాత, ఇళ్ళూ పడవలూ ఎలా ఉండేవో రాయడానికి 1900–1901లో కొర్యాకుల మధ్య తిరిగి వాళ్ళ జీవితాన్ని పరిశీలించిన పండితుడు యోహెల్సన్ వర్ణనలు వాడుకుంటే తప్పా? ఆయనంత వివరంగా ఇంకెవరూ రాయలేదు కదా.

కొండగోగు:

మంచి ప్రశ్న. ఆ పేరాని నాలుగు ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కా ఎవరి నోటి నుంచి వచ్చిందో చూడండి. క్రషెనిన్నికోవ్ 1737 నుంచి 1741 దాకా కమ్చాత్కాలో ఉన్నాడు. రష్యా ప్రభుత్వం పంపిన రెండో కమ్చాత్కా యాత్రలోని సైన్సుల అకాడెమీ బృందం ముందుగా పంపిన విద్యార్థి. వెళ్ళేటప్పటికి వయసు ఇరవై అయిదారేళ్ళు. కళ్ళారా చూసినవాటిని ఆయన కొలతలతో సహా రాస్తాడు: ఇంటి లోతు, బండి పొడవు, చేపని ఎన్ని ముక్కలు చేస్తారు, ఇలా. ద్వీపం పేరాలో అలాంటి కొలత ఒక్కటీ లేదు. ఇల్లు ఎలా ఉందో లేదు, పడవ ఎలా కట్టారో లేదు, తిండి లేదు. పొరుగువాళ్ళు పెట్టిన పేరు, వాళ్ళు చెప్పిన పుట్టుక కథ, పన్ను లెక్క, వెళ్ళే కాలం. అంతే. తీరం మీద కూర్చుని అడిగితే ఎవరైనా చెప్పగలిగే సంగతులవి.

'హంషారెన్' ద్వీపవాసులు తమకి తాము పెట్టుకున్న పేరు కాదు. ఇది మీ వ్యాసంలో మొదటి వాక్యంలోనే రావాలి. కొర్యాకుల్లో రెండు బతుకులున్నాయి. మందలు తోలుకుని తిరిగేవాళ్ళు చవ్‌చువెన్‌లు, అంటే రెయిన్‌డీర్లు మెండుగా ఉన్నవాళ్ళు. తీరంలో ఊళ్ళు కట్టుకుని సీల్, తిమింగలం, చేప మీద బతికేవాళ్ళు నిమిలన్‌లు, అంటే ఊళ్ళో ఉండేవాళ్ళు. మందలున్నవాళ్ళు తీరంవాళ్ళని బానిసల్లా చూసేవారని క్రషెనిన్నికోవే ఇంకోచోట రాశాడు. మందలవాడు ఊరికొస్తే ఊరు ఊరంతా ఎదురెళ్ళి మర్యాద చేసేదట. ఇది పక్కన పెట్టుకుని ద్వీపం పేరా చదవండి. మందలవాడి కంటికి తీరంవాడు తక్కువ. తీరం దాటి దీవిలో ఉన్నవాడు ఇంకా తక్కువ. ఆ మెట్లలో చివరిది ఈ పేరు.

అనువాదం దగ్గర జాగ్రత్త. 'కుక్క సంతానం' అని రాస్తే తెలుగులో అది నేరుగా తిట్టే అవుతుంది, పుట్టుక కథ కనపడకుండా పోతుంది. 'కుక్కల నుంచి పుట్టినవాళ్ళు' అని రాసి, ఇది పొరుగువాళ్ళు పెట్టిన పేరని అదే వాక్యంలో చెప్పండి. తిట్టు ఛాయ ఎలాగూ ఉంటుంది, ఉండాలి కూడా. కానీ దాని కింద ఒక సృష్టి కథ ఉందన్న సంగతి పాఠకుడికి అందాలి.

'కూత్' గురించి. అది కమ్చాత్కాలోని ఇంకో మూలజాతి కమ్చదాల్‌ల, అంటే ఇతెల్మెన్‌ల, మాట. కొర్యాకుల దగ్గర బొంతకాకి రూపంలో ఉండే ఆదిపురుషుడి పేరు కుయ్‌కిన్యాకు, అంటే పెద్ద బొంతకాకి. యోహెల్సన్ సేకరించిన కథల్లో ఎక్కువ భాగం ఆయనవీ ఆయన ఇంటివాళ్ళవీ. క్రషెనిన్నికోవ్ ఎక్కువ కాలం గడిపింది కమ్చదాల్‌ల మధ్య కాబట్టి ఆ పేరే కలం చివరికి వచ్చింది. మీరు 'కూత్' అని ఉంచినా ఫరవాలేదు, కొర్యాకు పేరు పక్కన చేర్చండి. 'దేవుడు' అనకండి. పూజలందుకునే దేవుడి కంటే, లోకాన్ని ఇలా తయారుచేసి పెట్టిన తాత అనడం దగ్గరగా ఉంటుంది.

జలసంధి:

అంకెల మీద నా మాట. వంద, ముప్ఫై అన్నవాటిని నేరుగా జనాభా అనకండి. కారణం లెక్కలోనే ఉంది.

రష్యన్ ప్రభుత్వం వసూలు చేసే ఆ పన్ను పేరు యసాక్. పిల్లలకీ ఆడవాళ్ళకీ కాదు, వేటాడగల మగవాళ్ళకి మనిషికి ఏడాదికో తోలు చొప్పున. సేబుల్ (విలువైన బొచ్చున్న చిన్న జంతువు) గానీ నక్క గానీ. ఇప్పుడు చూడండి. ఇలాంటి చిన్న సమాజంలో సగానికి దగ్గరగా పిల్లలే ఉంటారు. మిగిలినవాళ్ళలో సగం ఆడవాళ్ళు. ముసలివాళ్ళని తీసేస్తే ప్రతి వందమందిలో పన్ను కట్టాల్సిన మగవాళ్ళు పాతిక, ముప్ఫై కంటే తేలరు. అంటే ద్వీపంలో పిల్లాజెల్లా కలిపి వందమందే ఉంటే, ముప్ఫైమంది కట్టడం పూర్తి వసూలు. దాక్కున్నవాళ్ళంటూ ఎవరూ మిగలరు.

కానీ మిగతావాళ్ళు దాక్కుంటారని క్రషెనిన్నికోవ్ స్పష్టంగా రాశాడు. ఆ మాట నిజమైతే, వంద అన్నది పన్నుకి తగిన మగవాళ్ళ లెక్క అయ్యుండాలి. అప్పుడు మొత్తం జనం మూడు నాలుగు వందలు ఉంటారు. రెండు అర్థాల మధ్య తేడా మూడు నాలుగు రెట్లు. కాబట్టి 'జనాభా 100' అని రాసి వదిలేస్తే తప్పు సమాచారం ఇచ్చినట్టే. 'వందమందికి పైగా ఉన్నారని, 30 మంది యసాక్ కట్టేవారని క్రషెనిన్నికోవ్ విన్నాడు' అని రాసి, ఈ లెక్కని ఒక వాక్యంలో పెట్టండి.

ఇంకో సంగతి. ఈ అంకె వసూలు చేసేవాళ్ళ ద్వారా వచ్చింది. వాళ్ళకి తక్కువ తోళ్ళు తెచ్చినందుకు పైవాళ్ళకి ఒక కారణం చెప్పాలి. 'కొండల్లో దాక్కున్నారు' అన్నది సులువైన కారణం, బహుశా చాలాసార్లు నిజం కూడా. 1740లు, 1750లలో కొర్యాకులకీ రష్యన్లకీ మధ్య నడిచింది నెత్తుటి యుద్ధం. పన్ను అడగడానికి తుపాకులతో వచ్చే పడవ కనపడగానే కొండెక్కడం భయపడాల్సినవాళ్ళు చేసే పనే. దాన్ని 'అడవి మనుషుల స్వభావం'గా రాయకండి.

తర్వాతి కాలపు జనాభాతో పోల్చాలనుకుంటే 1768–69 మధ్యలో ఉందని గుర్తుంచుకోండి. ఆ ఏళ్ళలో మశూచి కమ్చాత్కాని తుడిచిపెట్టింది. దానికి ముందు అంకెలు, తర్వాతి అంకెలు ఒకే గీత మీద పెడితే కనపడే తగ్గుదలని 'వలస పోయారు' అని చదివే ప్రమాదం ఉంది.

'చలికాలంలో ఎవరూ వెళ్ళరు' అన్న ముక్క మాత్రం నాకు ఆ పేరాలో అన్నిటికంటే గట్టిగా కనిపిస్తుంది. కరాగిన్స్కీ అఖాతంలో డిసెంబరు నుంచి జూన్ దాకా మంచు ఉంటుంది. మంచు ఉంటే కుక్కబండి మీద దాటొచ్చు కదా అనుకుంటాం. సముద్రం మీది మంచు చెరువు మీది మంచు లాంటిది కాదు. పోటు పాట్లకి పగుళ్ళిస్తుంది, గాలి ఒడ్డు నుంచి వీచిందంటే పలకలు పలకలుగా విడిపోయి బయటికి కొట్టుకుపోతుంది. ఉదయం దాటిన దారి సాయంత్రానికి నీళ్ళయ్యే చోటు అది. వేసవిలో పడవైతే, ఇరుకైన 21 కి.మీ. దగ్గర గంటకి 5 కి.మీ. తెడ్డు వేసినా నాలుగు గంటలకి పైనే. పొగమంచు దిగితే ఆ లెక్క పనికిరాదు. అయితే 'ఎవరూ' అన్న మాట కమ్చాత్కా నుంచి వెళ్ళే వసూలువాళ్ళ గురించి. ద్వీపంవాళ్ళు మంచు మీద తీరానికి వచ్చారా లేదా అన్నది ఆ వాక్యం చెప్పదు.

తేదీలు ఇస్తుంటే ఒక చిన్న పని తప్పదు. ఆ కాలపు రష్యన్ రాతలన్నీ పాత పంచాంగంలో ఉంటాయి. ఇప్పటి తేదీ కావాలంటే 18వ శతాబ్దపు తేదీకి 11 రోజులు, రష్యన్ నావికుడు లిట్కే 1828 తేదీలకి 12 రోజులు, 1900 మార్చి తర్వాతివాటికి 13 రోజులు కలపాలి. మంచు విడిచే కాలం, చేప సముద్రం నుంచి నదుల్లోకి ఎక్కే కాలం రాసేటప్పుడు రెండు వారాలు పెద్ద తేడానే.

రేవుగట్టు:

ఇళ్ళు, పడవల సంగతి నేను చెప్తాను. యోహెల్సన్‌ని వాడుకోవచ్చు, కానీ ఆయన ఎక్కడ నిలబడి చూశాడో చెప్పి వాడాలి. ఆయన తీరప్రాంతపు పని చాలావరకు కమ్చాత్కాకి అవతలి పక్క, పెన్జినా, గిజిగా అఖాతాల దగ్గర. కామెన్‌స్కోయె, కుయెల్, పరెన్ లాంటి ఊళ్ళు. మీ ద్వీపం బేరింగ్ సముద్రం పక్క. మధ్యలో కమ్చాత్కా వెన్నెముక అంతా ఉంది. 1865 శీతాకాలంలో అక్కడే తిరిగిన అమెరికన్ కెనన్ కూడా టెలిగ్రాఫ్ తీగ వేయడానికి దారి వెతుకుతూ వచ్చి, ఆ పక్క ఇళ్ళనే వర్ణించాడు. కాబట్టి 'ద్వీపంలో ఇళ్ళు ఇలా ఉండేవి' అనకుండా 'పెన్జినా అఖాతపు తీర కొర్యాకుల ఇళ్ళు ఇలా ఉండేవి' అనే రాయండి.

ఆ ఇల్లు ఎలా ఉండేదంటే: నేలని మీటరు, మీటరున్నర లోతుకి తవ్వుతారు. అందులో ఎనిమిది మూలల గోడ. నిలువుగా పాతిన దుంగలు, పైన మట్టి. పెద్దవైతే 15 మీ. పొడవు, 12 మీ. వెడల్పు, 7 మీ. ఎత్తు దాకా ఉండేవి, అంటే ఒక్క కుటుంబానికి కాదు. కప్పు మధ్యలో పొగగూడు. ఆ పొగగూడు చుట్టూ, పైకి విచ్చుకున్న గరాటా ఆకారంలో, కర్రలతో ఒక పెద్ద అంచు కడతారు. దూరం నుంచి చూస్తే ఇల్లు ఇసుక గడియారంలా, నడుము దగ్గర సన్నగా, కింద పైన వెడల్పుగా కనిపిస్తుంది. అలంకారం కాదది. సముద్రపు గాలి మంచుని ఈడ్చుకొచ్చి పొగగూట్లో పోయకుండా ఆ గరాటా అడ్డుకుంటుంది. గాలి దాన్ని తాకి పైకి లేచి దాటిపోతుంది. అది లేకపోతే ఒక్క రాత్రి తుపానుకి ద్వారం పూడుకుపోతుంది, ఎందుకంటే చలికాలంలో ద్వారమూ అదే.

పొగగూట్లోంచి లోపలికి దిగేది ఒకే దుంగ. పక్కకర్రలు ఉండవు. కాలి వేళ్ళు పట్టేంత బొక్కలు తొలిచి ఉంటాయి. నూనె, పొగ, చెమట పట్టి నున్నగా నల్లగా మెరుస్తుంది. కింద దాని పక్కనే పొయ్యి. దిగేవాడు ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుని, దుంగని కావలించుకుని వేళ్ళతో తడుముకుంటూ దిగాలి. కొత్తవాడు బొక్క తప్పితే పొయ్యి మీదే. ఆ దుంగ పైకొనకి మనిషి ముఖం చెక్కేవారు, ఇంటిని కాచేవాళ్ళలో అదీ ఒకటి. మంచు కరిగాక గోడ పక్కనుంచి ఒక కప్పున్న దారి తెరిచేవారు, వేసవిలో రాకపోకలన్నీ దానిలోంచే.

క్రషెనిన్నికోవ్ కమ్చదాల్‌ల ఇంటి గురించి ఇలాంటిదే ఒక సంగతి రాశాడు. పొయ్యికి గాలి అందడానికి పక్కన ఒక బొరియ ఉండేది, దాన్ని జుపాన్ అనేవారు. ఆడవాళ్ళు దానిలోంచి పాకుతూ వచ్చేవారు. మగవాడు అలా వస్తే నవ్వేవారు. పొగకి భయపడి రష్యన్ సైనికులైన కొసాక్కులు మొదట్లో ఆ బొరియలోంచే దూరేవారట. ఇది కమ్చదాల్‌ల ముచ్చట, ద్వీపానికి అంటించకండి.

ఇక పడవ. 'బైదార' అని రష్యన్లు రాసేది ఇదే. చట్రానికి వాడేది ఎక్కువగా కొట్టుకొచ్చిన కర్ర. మేకులు ఉండవు. తోలు పట్టీలతో కట్లు కట్టేస్తారు. కట్లు కాబట్టి అల తగిలినప్పుడు చట్రం కాస్త వంగి మళ్ళీ సర్దుకుంటుంది. మేకు కొట్టి బిగించి ఉంటే అదే అలకి కర్ర చీలిపోతుంది. పైన గడ్డం సీల్ తోలు, నరాల దారంతో కుట్టి, కుట్టు మీద కొవ్వు పూస్తారు. యోహెల్సన్ చూసిన పెద్ద పడవ పొడవు 9 మీటర్ల దగ్గర. పాడయ్యేది ఎక్కడంటే తోలు నానడం దగ్గర. రోజుల తరబడి నీళ్ళలోనే ఉంచితే తోలు మెత్తబడి సాగిపోతుంది, కుట్లు నోరు తెరుస్తాయి. అందుకే మధ్యమధ్య ఒడ్డుకి లాగి, బోర్లించి ఆరబెట్టాల్సిందే. మీ జలసంధి దాటడానికి వాతావరణంతో పాటు ఈ లెక్క కూడా ఉంటుంది.

తెరచాప స్తంభం ఇంకా చూడముచ్చటగా ఉంటుంది. ఒకటి కాదు, మూడు కర్రలు ముక్కాలి పీటలా నిలబెట్టి పైకొనలు కలిపి కడతారు. తోలు పడవకి ఒంటి స్తంభాన్ని పట్టి నిలబెట్టేంత గట్టి అడుగు ఉండదు. గాలి బలమంతా ఒక్కచోట పడితే చట్రం మెలిపడిపోతుంది. మూడు కాళ్ళయితే ఆ బరువు అంచులకి పంచుకుంటుంది. తెరచాప గుడ్డ కాదు, పదును చేసిన రెయిన్‌డీర్ తోళ్ళు కుట్టిన దీర్ఘచతురస్రం. ఆ తోళ్ళు మందలవాళ్ళ దగ్గర నుంచి రావాల్సిందే. బదులుగా తీరంవాళ్ళు ఇచ్చేది సీల్ కొవ్వు, గట్టి తోళ్ళు, పట్టీలు. కొండగోగు గారు చెప్పిన పై మెట్టు, కింది మెట్టు మాటని ఈ బేరంతో కలిపి చూడండి. మాటల్లో ఒకరు తక్కువైనా, పదును చేసిన తోలు లేక వీళ్ళకీ, సీల్ తోలు అరికాళ్ళు లేక వాళ్ళకీ గడవదు.

పాతపటాలు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. వందా ముప్ఫై లెక్క నాకు తట్టనే లేదు. జలసంధి గారూ, ఆ పేరా మొత్తం మార్చి రాస్తాను.

తిండి విభాగంలో ఇలా రాశాను, చూసి చెప్పండి: 'ప్రధాన ఆహారం ఎండుచేప. వేసవిలో సాల్మన్ పట్టి, ఉప్పు వేసి ఎండబెట్టి, చలికాలమంతా యుర్తల్లో దాచుకుని తినేవారు.' యుకోలా అన్న మాటకి ఎండుచేప సరిపోతుంది కదా?

మడఅడవి:

సరిపోదండీ. ఆ వాక్యంలో మూడు చోట్ల పొరపాటు ఉంది.

మొదటిది ఉప్పు. తెలుగు పాఠకుడికి ఎండుచేప అనగానే ఉప్పు పట్టించి ఇసుక మీదో పట్టాల మీదో ఎండకి ఆరేసినది కళ్ళముందుకు వస్తుంది. యుకోలాకి ఉప్పు లేదు. అది ఎండకి కాదు, గాలికి ఆరేది. కమ్చాత్కా వేసవిలో ఎండ నమ్ముకుంటే చేప దక్కదు. పొగమంచు, జల్లు, మళ్ళీ పొగమంచు. అందుకని కింద గాలి ఆడేలా స్తంభాల మీద కట్టిన మంచె, దాని నీడలో దండెలు. ఆ మంచెని రష్యన్లు బలగాన్ అన్నారు. కుక్కలకి అందని ఎత్తు కావడం ఇంకో ప్రయోజనం. మీరు 'యుకోలా' అన్న మాటే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు 'ఉప్పు లేకుండా గాలికి ఆరబెట్టిన సాల్మన్' అని చెప్పండి.

రెండోది, యుకోలా అంటే మొత్తం చేప కాదు. క్రషెనిన్నికోవ్ ఈ పనిని దగ్గరుండి చూసి రాశాడు, అక్కడి జాతులన్నీ ఇలాగే చేస్తాయని కూడా అన్నాడు. చేపని ఆరు భాగాలు చేస్తారు. రెండు పక్కల కండ, తోకతో కలిపి, గాలికి ఆరేస్తారు. అసలు యుకోలా అదే. వీపు ముక్క, పొట్ట ముక్క వేరుగా, ఎక్కువగా పొగకి. తలలు గోతిలో వేసి పులియబెడతారు, లోపలి మెత్తని ఎముక ఎర్రబడేదాకా. కోతలో ముల్లుని అంటుకుని మిగిలిన కండని గీకి ఆరబెట్టి, తర్వాత దంచుకుంటారు. వెన్నుముల్లు కూడా పారేయరు, ఆరేసి కుక్కలకి పెడతారు. ఒక చేప నుంచి ఐదారు రకాల తిండి. ఎందుకు ఇలా ముక్కలు చేయాలంటే, సాల్మన్‌లో ఒక్కో భాగంలో కొవ్వు ఒక్కోలా ఉంటుంది. పొట్ట కొవ్వుతో నిండి ఉంటుంది, గాలికి వదిలేస్తే ఆరేలోపు కొవ్వు చెడి కంపు కొడుతుంది, కాబట్టి పొగ కావాలి. వెన్ను దగ్గర మందమైన కండ ముల్లుతోపాటు వదిలితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి కుళ్ళుతుంది. పక్కల పలుచని కండే గాలికి సరిగ్గా ఆరుతుంది.

చెడిపోయేదీ ఇక్కడే. చేప ఎక్కేది కొద్ది వారాలు. ఆ వారాల్లో ముసురు పట్టి వదలకపోతే, దండెల మీద ఉన్న కండకి ఈగ వాలి పురుగు పడుతుంది. అప్పుడు చేతిలో చేప ఉండి కూడా చలికాలపు తిండి పోయినట్టే. పులిసిన తలల గొయ్యి చూసి విదేశీయులు 'కుళ్ళిన చేప తింటారు' అని రాసిపెట్టారు. మీ వ్యాసంలో ఆ వాక్యం కనపడితే పక్కన ఈ కారణం పెట్టండి: ఉప్పు దొరకని చోట, ఎండ నమ్మలేని చోట, పులియబెట్టడం దాచుకునే పద్ధతి. మనకి ఆవకాయలో ఉప్పు చేసే పని, అక్కడ గోతిలోని చల్లదనం, పులుపు కలిసి చేస్తాయి.

ఇంకో మాట. ద్వీపంలో ప్రధాన ఆహారం చేపే అని తీర్మానించకండి. తీర కొర్యాకులకి సీల్ మాంసం, కొవ్వు అంత ముఖ్యం. దీపానికీ పొయ్యికీ తిండికీ పడవ కుట్టుకీ అదే కొవ్వు. 'చేప, సీల్' అని జంటగా రాయండి.

మూడోది కొండగోగు గారు చెప్పాలి, యుర్త సంగతి.

కొండగోగు:

అవును, అది చాలా అనువాదాల్లో జరిగే పొరపాటు. 18వ శతాబ్దపు రష్యన్ రాతల్లో 'యుర్త' అంటే స్థానికుల ఇల్లు, ఏ రకమైనా సరే. క్రషెనిన్నికోవ్ కమ్చదాల్‌ల మట్టి ఇంటిని కూడా యుర్త అనే అంటాడు. ఈరోజు తెలుగు పాఠకుడు యుర్త అంటే మంగోలియాలోని గుండ్రటి ఉన్ని గుడారం అనుకుంటాడు. రేవుగట్టు గారు వర్ణించిన దుంగల ఇంటికీ దానికీ పోలికే లేదు. 'నేలలో సగం దిగిన మట్టి ఇల్లు' అని రాసేయండి. మందలవాళ్ళ గుడారానికి మాత్రమే 'తోలు గుడారం' అనండి. అది రెయిన్‌డీర్ తోళ్ళ కప్పు, విప్పి బండి మీద వేసుకుని పోయేది. ఒకే వ్యాసంలో రెండింటికీ ఒకే మాట పడితే మందలవాడూ తీరంవాడూ ఒకే ఇంట్లో ఉన్నట్టవుతుంది.

కొసాక్ నాయకుడు అట్లాసోవ్ 1697లో కమ్చాత్కా మీదికి చేసిన దండయాత్ర తర్వాత ఇచ్చిన వాంగ్మూలాన్ని కూడా మీరు వాడబోతున్నారేమో, అక్కడా ఇదే జాగ్రత్త. కొర్యాకులకి గడ్డాలుండవని, ఎత్తు మధ్యస్తమని, మాట వేరని, మతమేమీ లేదని, తమలోనే షమాన్లు (ఆత్మలతో మాట్లాడేవాళ్ళు) ఉన్నారని చెప్పాడు. 'మతమేమీ లేదు' అన్న మాటకి అర్థం అతనికి గుడి, బొమ్మ, పూజారి కనపడలేదని. మరో రెండు శతాబ్దాల తర్వాత యోహెల్సన్ అదే జాతి దగ్గర చూసినవి లెక్కపెట్టండి. నిప్పు పుట్టించే పలకని మనిషి ఆకారంలో చెక్కి, దానికి కొవ్వు తినిపించేవారు. విల్లుతో కడ్డీని తిప్పి నిప్పు చేసేటప్పుడు పడే బొక్కలు దాని కళ్ళు, కడ్డీ తిరిగే కీచుమనే చప్పుడు దాని గొంతు. వేటలో చిక్కిన తిమింగలాన్ని అతిథిలా నిప్పుకొరివితో ఎదురెళ్ళి ఇంటికి పిలిచి, ఆడవాళ్ళు గడ్డితో అల్లిన ముసుగులు వేసుకుని మర్యాద చేసి, చివరికి దారిబత్తెం కట్టి సముద్రానికి సాగనంపేవారు. అది మళ్ళీ తన బంధువుల్ని తీసుకుని రావాలని. ఇంత ఉన్నచోట 'మతమేమీ లేదు' అన్న వాక్యం చూసినవాడి గురించే చెప్తుంది. ఈ వేడుకలు కూడా పెన్జినా వైపువే, ఆ చీటీ అంటించి మరీ రాయండి.

జలసంధి:

పటం మీద ఒక పేరు గురించి అడుగుతారేమో అని ముందే చెప్తున్నాను. ద్వీపంలో రష్యన్ పటాల్లో 'లోజ్నిఖ్ వెస్తెయ్' అని ఉన్న అఖాతానికి ఆ పేరు పెట్టింది లిట్కే, 1828లో సెన్యావిన్ ఓడ మీద వచ్చినప్పుడు. అక్కడ మంచి రేవు ఉందన్న మాట నిజం కాలేదు, అందుకే ఆ పేరు. కొందరు 'అబద్ధాల అఖాతం' అని తెలుగు చేస్తున్నారు. అది వద్దు. చెప్పినవాళ్ళు అబద్ధమాడారన్న నింద పడుతుంది. ఒడ్డుకి లాగేసే తోలు పడవకి మంచి రేవు అనిపించే లోతు తక్కువ నీరు, లోతు కావలసిన యుద్ధ ఓడకి రేవు కాదు. 'తప్పుడు కబురు అఖాతం' అంటే మాటకి మాట సరిపోతుంది.